ఒక్కొక్కరికి 72 సెకన్లు

ఫ్యాక్టరీల చట్టం 1948 నాటిది. దాని కింద రాష్ట్రాలు రాసుకున్న నిబంధనల్లో మరుగుదొడ్ల లెక్క స్పష్టంగానే ఉంది: ప్రతి 25 మంది మహిళా కార్మికులకు ఒకటి. వరసగా అయిదు గంటలకు మించి పని చేయించకూడదనీ, మధ్యలో కనీసం అరగంట విరామం ఇవ్వాలనీ అదే చట్టం చెప్పింది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. భోజనం బెల్లు కొట్టగానే ఆ 25 మందీ ఒకే తలుపు ముందు నిలబడితే ఒక్కొక్కరి వాటాకు వచ్చేది 72 సెకన్లు. ఏప్రాన్ విప్పడం, బట్టలు సర్దుకోవడం, నెలసరి రోజైతే ప్యాడ్ మార్చుకోవడం, చేతులు కడుక్కోవడం అన్నీ అందులోనే. వరసలో చివరి మనిషి వంతు అయ్యేసరికి అరగంట గడిచిపోతుంది. ఆమె అన్నం డబ్బా మూత తీసి ఉండదు.

చట్టాన్ని తు.చ. తప్పకుండా పాటించే ఫ్యాక్టరీలోనే పరిస్థితి ఇది. అరకొరగా పాటించే చోట, అసలు పాటించని చోట ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

కార్మికుల నీళ్లు, మరుగుదొడ్లు, పరిశుభ్రత గురించి మాట వచ్చినప్పుడల్లా యాజమాన్యాలు, అధికారులు గదుల లెక్క చెబుతారు. ఎన్ని కట్టారు, ఎన్నింటికి టైల్స్ వేశారు, ఎన్ని వాష్‌బేసిన్లు పెట్టారు అన్నదే వాళ్ల కొలత. గది ఉండటం వేరు, అవసరమైనప్పుడు అక్కడికి వెళ్లగలగడం వేరు. కుట్టు లైనులో ఒకరు కాలర్ వేస్తే పక్కామె చెయ్యి తగిలిస్తుంది, ఆ తర్వాతామె గుండీలు. ఒక్క మనిషి లేచినా ఆమె ముందు ముక్కలు కుప్ప పడతాయి, వెనక మిషన్లు ఖాళీగా కూర్చుంటాయి. గంటకు ఇన్ని ముక్కలని టార్గెట్ ఉంటుంది. కొన్ని చోట్ల లైనుకు ఒకే టోకెన్. అది వెళ్లిన మనిషితో తిరిగి వస్తేనే ఇంకొకరు కదలాలి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, చట్టం ఇచ్చిన గది తాళం సూపర్‌వైజర్ చూపులో ఉంటుంది.

ఈ పరిస్థితికి ఆడవాళ్లు తమంతట తాము కనిపెట్టుకున్న ఉపాయం ఒక్కటే: నీళ్లు తాగకపోవడం. ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా సాయంత్రం వరకూ సగం నిండే ఉంటుంది. గొంతు తడుపుకోవడానికి ఒక గుక్క, అన్నం ముద్ద దిగడానికి రెండు గుక్కలు. రేకుల కప్పు కింద, ఇస్త్రీ ఆవిరి పక్కన, ఏప్రిల్, మే నెలల్లో కూడా అంతే. ఎనిమిది గంటలు మూత్రం ఉగ్గబట్టుకుంటే ఏమవుతుందో వైద్యులను అడిగితే తడుముకోకుండా చెబుతారు: మూత్రంలో మంట, పదేపదే ఇన్ఫెక్షన్లు, చలి జ్వరం, నిర్లక్ష్యం చేస్తే కిడ్నీల దాకా. గర్భిణికైతే అది నెలలు నిండకుండానే కాన్పుకు కూడా దారితీయవచ్చు. అందుకే ఫ్యాక్టరీ బాగోగులకు కొలత గోడల మీది టైల్స్ కాకూడదు. షిఫ్టు ముగిసేసరికి ఆమె తెచ్చుకున్న సీసా ఖాళీ అయిందా లేదా అన్నది కావాలి. ఈ సర్వేకు కన్సల్టెంట్లూ అక్కర్లేదు, సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

2019లో థామ్సన్ రాయిటర్స్ ఫౌండేషన్ తమిళనాడు వస్త్ర పరిశ్రమలో పనిచేసే సుమారు వంద మంది మహిళలతో మాట్లాడి ఒక కథనం ప్రచురించింది. నెలసరి నొప్పితో ఉన్నవాళ్లకు పేరూ ఊరూ లేని మాత్రలు చేతిలో పెట్టి మళ్లీ మిషన్ ముందు కూర్చోబెడుతున్నారని ఆ కథనం బయటపెట్టింది. ఆ సమయంలో కావలసింది కాసేపు విశ్రాంతి, శుభ్రమైన గది, నీళ్లు, చెత్తబుట్ట. వాటికి బదులు మాత్ర ఇచ్చారు, ఎందుకంటే మాత్ర మింగడానికి మిషన్ ఆపనక్కర్లేదు.

పాత చట్టంలో మంచి లేదని కాదు. తాగునీటి కుళాయి మరుగుదొడ్డికి, మురుగు కాలువకు ఆరు మీటర్ల లోపు ఉండకూడదంది. ‘తాగునీరు’ అని ఎక్కువమంది కార్మికులకు తెలిసిన భాషలో రాయాలంది. 250 మందికి మించి పనిచేసే చోట ఎండాకాలంలో చల్లటి నీళ్లు ఇవ్వాలంది. ఇందులో భాష సంగతి ఇవాళ మరీ ముఖ్యం. పాశమైలారంలోనో జీడిమెట్లలోనో పనిచేసే ఒడియా, భోజ్‌పురి కుర్రాడికి తెలుగు బోర్డు ఏం చెబుతుంది?

ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ అమల్లోకి వచ్చింది. పురుషులకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు వేర్వేరు మరుగుదొడ్లు ఉండాలని అందులో రాశారు. ఇది ముందడుగే. కాంట్రాక్టు కార్మికులకు ఈ సౌకర్యాలు కల్పించే బాధ్యత ప్రధాన యజమానిదేనని కూడా చెప్పారు. కానీ ఎంతమందికి ఎన్ని, ఎంత దూరంలో, ఎంత నీరు అన్న లెక్కలను నిబంధనలకు వదిలేశారు. పైగా ఫ్యాక్టరీ అన్న పేరు రావాలంటే కరెంటుతో నడిచే చోట పాతరోజుల్లో పదిమంది చాలు, ఇప్పుడు ఇరవైమంది ఉండాలి. పదిమంది లోపు ఉన్న షెడ్లు మామూలుగా ఈ కోడ్ కంటికే ఆనవు. తనిఖీ అధికారి కూడా ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్’. ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో కంప్యూటర్ చెబుతుంది. పరిశ్రమలకు సులభం చేయడం తప్పు కాదు. ఆ సౌలభ్యం ఎవరి ఒంటిమీద నుంచి వస్తోందో చూసుకోవాలి.

ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయే తనిఖీ ఎంత పనికిమాలిందో శ్రీపెరంబుదూరు చూపించింది. చెన్నై పక్కన ఐఫోన్లు తయారుచేసే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో 2021 నాటికి వేలాది మంది యువతులు పనిచేస్తున్నారు. ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్లే. ఫ్యాక్టరీ లోపల అద్దంలా మెరిసే గచ్చు, తలకు టోపీ, ఒంటికి కోటు. దుమ్ము రేణువు పడితే ఫోను పాడవుతుంది మరి. షిఫ్టు ముగిశాక బస్సెక్కి వాళ్లు చేరే హాస్టళ్లలో మాత్రం గదికి ఆరుగురి నుంచి ముప్పైమంది దాకా కుక్కి ఉండేవారు, కొన్నిచోట్ల మరుగుదొడ్లలో నీళ్లే వచ్చేవి కావు అని రాయిటర్స్‌తో ఆ కార్మికులే చెప్పారు. ఆ డిసెంబరులో ఒక హాస్టల్ భోజనం తిని 159 మంది ఆస్పత్రి పాలయ్యారు. కొందరు చనిపోయారని పుకారు పుట్టింది. అది నిజం కాదు. అయినా ఆ అమ్మాయిలు నమ్మారు, ఎందుకంటే ఆ వంటగదిని వాళ్లు రోజూ చూస్తున్నారు. రాత్రికి రాత్రి వేలమంది చెన్నై, బెంగళూరు జాతీయ రహదారి మీద బైఠాయించారు. తర్వాత ఆహార భద్రతాధికారులు వెళ్లి చూస్తే వంటగదిలో ఎలుకలు, సరిగా పోని మురుగు. వంటగదికి తాళం వేశారు. ఫ్యాక్టరీ వారాల తరబడి మూతపడి 2022 జనవరి 12న తెరుచుకుంది. కొన్ని హాస్టళ్లు, భోజనశాలలు తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఆపిల్ ఒప్పుకుని, ఆ ఫ్యాక్టరీని ప్రొబేషన్‌లో పెట్టింది.

ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఫోన్లలో ఒకటి తయారయ్యే చోటును ఆపింది యంత్రం చెడిపోవడం కాదు, ముడిసరుకు అందకపోవడం కాదు. ఒక మురికి వంటగది, నీళ్లు రాని దొడ్లు.

తమిళనాడు ప్రభుత్వం ఆ అనుభవం నుంచి నేర్చుకుంది. పరిశ్రమల సంస్థ సిప్కాట్ ద్వారా వల్లం వడగాల్‌లో 18,720 మంది మహిళలు ఉండేలా రూ.706.50 కోట్లతో వసతి గృహాలు కట్టించి 2024 ఆగస్టులో ప్రారంభించింది. అందరికీ అది సరిపోదు. అయినా కార్మికుల వసతిని కూడా పరిశ్రమకు రోడ్డు, కరెంటు లాంటి మౌలిక సదుపాయంగా చూడటం అక్కడ మొదలైంది. మన వైపున్న పారిశ్రామిక నగరం శ్రీసిటీ శ్రీపెరంబుదూరుకు ఎంతో దూరం కాదు. మన సరిహద్దుకు ఇవతల కడుతున్న పారిశ్రామిక పార్కుల పటాల్లో ట్రక్కుల పార్కింగుకు చోటు కనిపిస్తుంది. కార్మికులు పడుకునే చోటు ఎక్కడో కూడా అదే పటంలో కనిపించాలి.

ఇక మన తీరానికి వద్దాం. రొయ్యల ఎగుమతిలో ఆంధ్రప్రదేశ్‌దే పైచేయి. 2024 మార్చిలో అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు భీమవరం ప్రాంతపు పీలింగ్ షెడ్లను చూసి రాశారు. అదే సమయంలో అమెరికాలోని కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ కూడా ఈ పరిశ్రమ మీద నివేదిక ఇచ్చింది. పీలింగ్ షెడ్డులో పని ఎలా ఉంటుందో గోదావరి జిల్లాల వాళ్లకు తెలుసు. ఐసు నీళ్ల టబ్బులో నుంచి రొయ్యను తీసి, తల తుంచి, తొక్క ఒలిచి, నరం లాగి ఇంకో టబ్బులో వెయ్యాలి. గంటల తరబడి నిలబడే పని. వేళ్లు ముడుచుకుపోయి పాలిపోతాయి. రొయ్య ముల్లు గుచ్చుకున్న చోట చీము పడుతుంది. అక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో చర్మ వైద్యురాలు రోజుకు నలుగురైదుగురు పీలింగ్ కార్మికులకు చేతుల వైద్యం చేస్తున్నానని ఆ విలేకరులకు చెప్పారు. ఆ రొయ్యలు వెళ్లేది అమెరికా సూపర్‌మార్కెట్లకు. తినేవాడి ఆరోగ్యం కోసం రొయ్యకు పరీక్షల మీద పరీక్షలు చేస్తారు. ఒలిచే చేతికి గ్లవుజు, గోరువెచ్చటి నీళ్లు, సబ్బు ఇవ్వడానికి మాత్రం ఖర్చు గుర్తొస్తుంది. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు కూడా ఇలాగే జీడి సొనకు కాలి నల్లబడతాయి. అక్కడా సబ్బు, నూనె, చేతి తొడుగులు అంటే వైద్యమే.

కార్మికుల ఊరి నీళ్ల గురించి మాట్లాడాలంటే పటాన్‌చెరును దాటి వెళ్లలేం. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త యోకిం లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాలు చేరే కేంద్రం అది. శుద్ధి చేశామన్న నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. రెండేళ్ల తర్వాతి పరిశోధనలో చుట్టుపక్కల బావుల నీళ్లలోనూ మందుల ఆనవాళ్లు బయటపడ్డాయి. నక్కవాగు ఒడ్డు గ్రామాల వాళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే వాగు రంగు, వాసన మారిందని మొత్తుకుంటున్నారు. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు ఆ పోరాటానికి జీవితకాలం ఇచ్చారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాడు లోపల ఆర్వో నీళ్లు తాగి, ఇంటికెళ్లి తన ఫ్యాక్టరీ పాడుచేసిన బోరు నీళ్లతో స్నానం చేసే పరిస్థితి వచ్చింది. అలాంటప్పుడు ఫ్యాక్టరీలోని వాటర్ కూలర్‌కు అవార్డు ఇవ్వడంలో అర్థం లేదు.

కంపెనీలు దారికి రావని ఎవరూ నిరాశపడనక్కర్లేదు. 2013లో అంతర్జాతీయ వ్యాపార సంస్థల వేదిక డబ్ల్యూబీసీఎస్‌డీ ఒక ప్రతిజ్ఞ తెచ్చింది. సంతకం చేసిన కంపెనీ తన ఆవరణల్లో పనిచేసే ప్రతి ఒక్కరికీ మూడేళ్లలోగా సురక్షిత నీరు, మరుగుదొడ్లు, పరిశుభ్రత కల్పించాలి. మంచిదే. అయితే సంతకాలు చేసే పెద్ద కంపెనీల దగ్గర పరిస్థితి ఎలాగూ కొంత మెరుగు. ఇబ్బంది అంతా వాటికి సరకు ఇచ్చే రెండో అంచె, మూడో అంచె షెడ్లలో ఉంది. అక్కడికి ప్రతిజ్ఞలు చేరవు, కార్మికుల సంఘాలే చేరాలి. కోళికోడ్ మిఠాయి వీధిలో దర్జీ పని చేసుకునే విజి పలిత్తోడి బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లను కూడగట్టింది మరుగుదొడ్డి కోసమే. దొడ్డి లేదు కాబట్టి నీళ్లు తాగొద్దని వాళ్లకు చెప్పేవారు. ఆ ఉద్యమం దొడ్డితో మొదలై కూర్చునే హక్కు దాకా నడిచింది. 2018లో కేరళ ఆ హక్కును చట్టంలో పెట్టింది. అడగడానికి సిగ్గుపడే విషయాన్ని వీధిలో నిలబడి అడిగితేనే అది జరిగింది.

కొత్త కోడ్ కింద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్మిక శాఖలు తమ నిబంధనల్లో మూడు మాటలు నిక్కచ్చిగా రాయాలి. ఒకటి, మరుగుదొడ్డికి వెళ్లొచ్చే సమయాన్ని భోజన విరామంలో కలపకూడదు, టోకెన్లు నిషేధించాలి, ఆ సమయానికి టార్గెట్‌లో కోత ఉండాలి. రెండు, కంపెనీ గానీ కాంట్రాక్టరు గానీ నడిపే ప్రతి హాస్టల్‌నూ, అద్దె గదుల వరసనూ ఫ్యాక్టరీలో భాగంగానే తనిఖీ చేయాలి. మూడు, ఫ్యాక్టరీ లోపలి కుళాయి, హాస్టల్ కుళాయి, చుట్టుపక్కల ఊరి బోరు, ఈ మూడింటి నీటి పరీక్షల ఫలితాలనూ మూడు నెలలకోసారి గేటు బయట, పంచాయతీ ఆఫీసు గోడ మీద కార్మికుల భాషల్లో అతికించాలి. న్యాయస్థానాల్లో మరుగుదొడ్ల గురించి 2025 జనవరిలో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు శుభ్రమైన మరుగుదొడ్డిని జీవించే హక్కులో భాగంగా చూసింది. కోర్టుకు వచ్చే కక్షిదారుకు ఉన్న హక్కు కుట్టు మిషన్ ముందు కూర్చున్న మనిషికీ ఉంది. పైన చెప్పిన మూడు మాటలూ లేని నిబంధనలు ఎప్పుడు ప్రకటించినా, కార్మిక సంఘాలు వాటిని ఒప్పుకోకూడదు. ప్రభుత్వం వెనక్కి తీసుకుని మళ్లీ రాయాలి.