మా సంతకం ఎవరడిగారు?

మూడేళ్ల పిల్లకి మతం తెలీదు. తన పేరు తెలుసు. అమ్మీ తెలుసు, అబ్బా తెలుసు, ఇంట్లో మాట్లాడుకునే మాటలు తెలుసు. ఆ మాటలు బడి గడప బయటే వదిలి రమ్మన్నప్పుడు తాను వేరని మొదటిసారి తెలుస్తుంది. ముస్లింలు కలవరు, విడిగా ఉంటారు అని మమ్మల్ని నిందించేవాళ్లు ఈ మొదటి పాఠం ఎవరు చెప్పారో ఆలోచించాలి.

'మాకు పిల్లలంతా ఒకటే' అంటారు టీచర్లు. చాలామంది మనస్ఫూర్తిగానే అంటారు. ఒకటే అంటే ఏమిటి? అందరిచేతా చేతులు జోడింపించడమా? ఒకే శ్లోకం వల్లె వేయించడమా? మీ ఇంటి ఆచారం 'సంస్కృతి', మా ఇంటి సలాం మాత్రం 'మతం'. ఈ కొలబద్ద ఎక్కడిది?

టీచరు దేవుణ్ణి నమ్మొద్దని మేం అనడం లేదు. బొట్టు పెట్టుకున్నా, బురఖా వేసుకున్నా ఆమె ఇష్టం. కానీ ఎదురుచెప్పడం రాని పసివాళ్ల మీద ఆమెకు అధికారం ఉంది. డాక్టరు తన మతాన్ని సూదిమందులో కలిపి ఎక్కించడు కదా! టీచరు పాఠంలో ఎందుకు కలపాలి?

మేం దయ అడగడం లేదు. రాజ్యాంగం 28వ అధికరణం చదవండి. పూర్తిగా ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధ కూడదు. ప్రభుత్వ గుర్తింపో సాయమో ఉన్న సంస్థల్లో మైనరు పిల్లల్ని మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టాలంటే సంరక్షకుల అంగీకారం కావాలి. మా సంతకం ఎవరడిగారు? ఈ మాట మేం నడిపే బడులకీ వర్తిస్తుంది. అక్కడికొచ్చే హిందూ పిల్లచేత కలిమా చదివిస్తే అదీ తప్పే.

భాష సంగతీ అంతే. ఇంటిభాషలో చదువు మొదలవ్వాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ఉర్దూ ఇంటి పిల్ల 'పానీ' అంటే క్లాసంతా నవ్వుతుంది. తెలుగే ఇంటిభాషగా పెరిగిన దూదేకుల పిల్లని 'తెలుగు బాగా వచ్చే నీకు!' అని మెచ్చుకుంటారు. ఎటు చూసినా మేం పరాయివాళ్లమే.

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక టీచరు ఏడేళ్ల ముస్లిం పిల్లవాణ్ణి తోటి పిల్లలచేత చెంపదెబ్బలు కొట్టించింది. ఇది ప్రభుత్వ అంతరాత్మని కుదిపేయాలని ఆ సెప్టెంబరులో సుప్రీంకోర్టు అంది. దెబ్బలు తిన్న పిల్లాడి కోసం ఏడ్చాం. కొట్టిన పిల్లల సంగతేమిటి? వాళ్లకి ఆ చెయ్యెత్తడం నేర్పింది ఎవరు?

అంగన్‌వాడీ టీచరుతో మాకు తగువు లేదు. 1975 అక్టోబరు 2న ఐసిడిఎస్ మొదలైంది. ఇన్నేళ్లుగా బరువు తూచి, గుడ్డు పెట్టి, ఆటపాట నేర్పి, రిజిస్టర్లు రాసే ఆ ఆడమనిషికి ఇచ్చేది గౌరవవేతనమే. గ్రాచ్యుటీ ఆమె హక్కని చెప్పడానికి 2022లో సుప్రీంకోర్టు కావాల్సొచ్చింది. ఆమెని పూర్తి ఉద్యోగిగా ఒప్పుకోని ప్రభుత్వానికి ఆమెకి వృత్తిధర్మం బోధించే నోరెక్కడిది? ఆమె జీతం కోసం మేమూ జెండా పడతాం. మా పిల్ల పేరు వంకర తిప్పకుండా పిలవమని ఆమెనే అడుగుతాం.

దేవుడి సంగతి ఇంట్లో మేం చూసుకుంటాం టీచరమ్మా. అక్షరం సంగతి మీరు చూడండి.