డీజిలా, పెట్రోలా? లెక్క కట్టి కొందాం

పంట తోలడానికి పికప్ బండి కొనాలనుకునే రైతు నోట మొదట వచ్చే మాట “డీజిల్ బండే మేలు”. ఒకప్పుడు అది నిజమే. కానీ 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేసింది. పెట్రోలుకూ డీజిలుకూ మధ్య వెనకటి తేడా ఇప్పుడు లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిల్ బండి ఖరీదూ పెరిగింది.

డీజిల్ ఇంజనుకు నెమ్మదిగా పోయేటప్పుడు కూడా లాగే బలం ఎక్కువ, మైలేజీ ఎక్కువ. రోజూ నిండు లోడుతో దూరం పోయే బండికి, ఘాట్ ఎక్కే బండికి అదే సరి. ఊరి నుంచి యార్డుకు ఐదారు కిలోమీటర్లే తిరిగితే మాత్రం పొగగొట్టంలోని మసి ఫిల్టరు చాలినంత వేడెక్కదు, పూడుకుపోతుంది. అప్పుడు షెడ్డు ఖర్చు మీద పడుతుంది.

డీజిల్ బండికి లక్ష రూపాయలు ఎక్కువ పెట్టామనుకుందాం. కిలోమీటరుకు రూపాయి మిగిలిందనుకుందాం. రోజుకు 20 కిలోమీటర్ల చొప్పున ఏడాదికి 200 రోజులు తిప్పితే మిగిలేది 4 వేలు. ఆ లక్ష తిరిగి రావడానికి 25 ఏళ్లు! అప్పు మీద వడ్డీ వేరే. అదే రోజుకు 100 కిలోమీటర్లు, 300 రోజులు తిరిగితే నాలుగేళ్లలోపే వచ్చేస్తుంది.

నలుగురు రైతులు కలిసి ఒకే బండి కొంటే ఆ తిరుగుడు ఉంటుంది, వాయిదా భారమూ పంచుకోవచ్చు. షోరూములో సంతకం పెట్టే ముందు ఈ లెక్క గ్రామ కమిటీలో కూర్చుని వేసుకోండి. అమ్మేవాడికి కమీషన్ వస్తుంది, వాయిదా కట్టేది మనం.