కొమ్మ ఊగింది ఎవరివల్ల?

జాన్ నోల్స్ 1959లో వెలువరించిన ‘ఎ సెపరేట్ పీస్’ నవల హాస్టల్ బడిలో ఎదిగే పిల్లల కథ. అమెరికాలో న్యూహాంప్‌షైర్‌లోని డెవన్ అనే కల్పిత పాఠశాల, 1942 వేసవి, ఒకే గదిలో ఉండే ఇద్దరు పదహారేళ్ల స్నేహితులు. జీన్‌ది చదువు, ఫినియస్‌ది ఆట. నది మీదికి వంగిన కొమ్మ మీంచి ఇద్దరూ కలిసి దూకబోతుండగా జీన్ మోకాళ్లు వంచి కొమ్మను ఊపుతాడు. ఫినియస్ ఒడ్డున పడి కాలు విరగ్గొట్టుకుంటాడు. ఆ చెట్టును బైబిల్లోని ఏదెను తోట చెట్టుతో పోల్చి, అసూయ మనిషికి పుట్టుకతో వచ్చిన దోషమనీ, అమాయకమైన స్నేహాన్ని అది కాటేసిందనీ చెప్పడం విమర్శలోనూ తరగతి గదిలోనూ స్థిరపడిపోయింది. ఆ మాట తప్పు. తెలంగాణలో ఆదిలాబాద్ జిల్లా బోథ్ ప్రాంతపు గిరిజన ఆశ్రమ పాఠశాలల వైపు నిలబడి చదివితే ఎందుకు తప్పో తెలుస్తుంది.

ముందు నవలనే చూడాలి. జీన్ తన మంచం పైన గోడకు కొన్ని బొమ్మలు అంటించుకుంటాడు. దక్షిణాది భూస్వాముల భవంతులు, వెన్నెల్లో చెట్లు. అది అతని ఇల్లు కాదు. ఎవరైనా అడిగితే తనది కాని యాస తెచ్చిపెట్టుకుని మరీ అదే తన ఇల్లన్న భ్రమ కలిగిస్తాడు. ఇంటి నుంచి తెచ్చుకున్నదేదీ ఇక్కడ చెల్లదని తేల్చుకున్న పిల్లవాడు అతడు. చెల్లేవి మార్కులే. అందుకే ఫినియస్ కావాలనే తన చదువు పాడుచేస్తున్నాడని అనుమానిస్తాడు, తామిద్దరూ సమానమైన పోటీదారులమని దాంతో ఊరట పొందుతాడు. ఫినియస్‌కు అసలు పోటీయే లేదని తెలిసిన సాయంత్రమే కొమ్మ ఊగింది. పుట్టుకతో వచ్చిన పాపమైతే ఆ సాయంత్రం దాకా ఎందుకు ఆగింది?

అదే బడిలో ఉన్న ఫినియస్‌కు అసూయ లేదు కదా అన్నది ఎదుటివాళ్ల బలమైన వాదం. అతడు తానెవరో రుజువు చేసుకోవలసిన అవసరం ఎన్నడూ పడనివాడు. గులాబీరంగు చొక్కా వేసుకొచ్చినా పెద్దలు నవ్వి ఊరుకుంటారు. కాలు చెడి సైన్యానికి పనికిరాకుండా పోయాక మాత్రం అసలు యుద్ధమే లేదంటాడు. తన బదులు జీన్‌ను 1944 ఒలింపిక్స్‌కు తయారు చేయబోతాడు. లోకం పెట్టిన కొలతకు అందకుండా పోయినవాడు ఏం చేస్తాడో అతడి విషయంలోనూ నోల్స్ చూపించాడు.

ఇక బోథ్. గోండు, కొలాం గూడేలు, లంబాడా తండాలు, తెలుగు, మరాఠీ మాట్లాడే ఊళ్లు కలిసి ఉన్న నేల. హాజరు పిలుస్తుంటే ఆత్రం, మడావి, కుమ్ర, రాథోడ్, జాదవ్ అన్న ఇంటిపేర్లతోనే ఎవరు ఎవరో తరగతికంతా తెలిసిపోతుంది. గోండు పిల్లవాడు హాస్టల్‌కు ఉత్త చేతులతో రాడు. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాల్లో, అంటే గోత్ర శాఖల్లో, తనది ఏదో, తోటివాళ్లలో ఎవరు అన్నదమ్ముల వరస, ఎవరు బావ వరస అన్నది ఇంటి దగ్గరే తెలిసి ఉంటుంది. రేకుపెట్టెతో పాటు ఆ వరసలూ వస్తాయి. వ్యక్తిత్వం హాస్టల్‌లోనే పుడుతుందని చెప్పే నవలా సిద్ధాంతానికి ఈ పిల్లవాడు లొంగడు. బడి అతణ్ని అడిగేది మాత్రం పాఠం తెలుగులో అప్పజెప్పమని. జవాబు తెలిసి కూడా మాట దొరక్క నిలబడ్డవాడు, పక్కన గడగడా చెప్పేసిన స్నేహితుడి వైపు ఒక చూపు చూస్తాడు. ఆ చూపుకు అసూయ అని పేరుపెట్టి బుద్ధి మార్చుకోమనడం అన్యాయం.

మరో దారి అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోనే నడిచింది. 1940 నాటి కుమ్రం భీం తిరుగుబాటు తరువాత గోండుల స్థితిగతులు పరిశీలించిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో శిక్షణ కేంద్రం పెట్టించి గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారు చేయించాడు. తొలి పాఠాలు గోండిలోనే, దేవనాగరి లిపిలో. దాంతో పిల్లల మధ్య పోటీ మాయమైందని కాదు. తన ఇంటి మాట చెల్లదన్న అవమానంతో ఆ పోటీ మొదలుకాలేదు.

తెగల గుర్తింపును గేటు బయటే వదిలేస్తే హాస్టల్ ప్రశాంతంగా ఉంటుందని ఇంకో వాదన. కానీ బయటి తగువు గేటు దగ్గర ఆగదు. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలు ఎస్టీ జాబితాలో చేరారు. 2017 చివర్లో ఆదివాసీ, లంబాడా ఘర్షణ ఆదిలాబాద్ జిల్లాలో భగ్గుమంది. ఒకే జాబితాలోని సీట్లు, కొలువుల కోసం పెద్దలు పడే తగువు పక్కపక్క మంచాల మీద పడుకునే పిల్లల దాకా వస్తుంది. అది వాళ్ల మనసుల్లో మొలిచిందని ఎవరనగలరు? దాన్ని గురించి మాట్లాడనివ్వని చోట గోండు పిల్లవాడికీ లంబాడా పిల్లవాడికీ స్నేహమే కష్టం.

నవల చివరి భాగంలో ఒకచోట జీన్‌కు గోడ మీది ఆ బొమ్మల అవసరం తీరిపోతుంది. తనకంటూ ఒక విలువ ఏర్పడుతున్నట్టు అతనికే తెలుస్తుంది, అరువు యాస కూడా అక్కర్లేకపోతుంది. చెట్టు దగ్గరే ఆగిపోయే విమర్శ ఈ గోడ దాకా వచ్చి చూడదు.