కంప్యూటర్ వడపోతలో మొక్కల రసాయనాలు

కొవిడ్ వైరస్ తన ప్రోటీన్లలో చాలావాటిని విడివిడిగా తయారు చేసుకోదు. మనిషి కణం చేత ఒక పొడవాటి గొలుసు అల్లించుకుని, తర్వాత దాన్ని ముక్కలుగా కోసుకుంటుంది. అందులో 11 చోట్ల కోత పెట్టేది ప్రధాన ప్రోటీయేజ్ అనే ఎంజైము. గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం పక్కనే కోసే ఇలాంటి ఎంజైము మనిషిలో ఉన్నట్టు తెలియదు. కాబట్టి దాన్ని ఆపే మందు రోగి కణాల జోలికి అంతగా పోదని ఆశించారు. షాంఘై శాస్త్రవేత్తలు 2020 ఆరంభంలోనే దాని త్రిమితీయ నిర్మాణాన్ని తేల్చి, 6ఎల్‌యూ7 గుర్తుతో అందరికీ అందుబాటులో ఉంచారు.

దాంతో కంప్యూటర్ వడపోతలు వెల్లువెత్తాయి. పసుపు, తులసి, అశ్వగంధలలోని రసాయనాలను ఒక్కొక్కటిగా ఎంజైము గుంతలో రకరకాల భంగిమల్లో కూర్చోబెట్టి, ఎంత గట్టిగా అతుక్కుంటాయో అంచనా వేయడమే డాకింగ్. ఆటోడాక్ వీనా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్, ఒక మామూలు కంప్యూటర్ ఉంటే చాలు. చెన్నైలోని గణితశాస్త్రాల సంస్థ రూపొందించిన ‘ఇంపాట్’ నిధిలో భారతీయ ఔషధ మొక్కల రసాయనాలు వేల సంఖ్యలో సిద్ధంగా ఉన్నాయి.

చిక్కంతా ఆ అంచనాలోనే ఉంది. నిజానికి ఎంజైము కదులుతూ ఉంటుంది, చుట్టూ నీరుంటుంది. డాకింగ్ చాలాసార్లు దాన్ని బిగుసుకుపోయిన అచ్చుగా చూస్తుంది, నీటి పాత్రను పైపైన లెక్కిస్తుంది. పెద్ద అణువు ఎక్కువ చోట్ల తాకుతుంది గనుక మార్కులూ ఎక్కువే తెచ్చుకుంటుంది. చక్కెర ముక్కలు తగిలించుకున్న రూటిన్ లాంటివి జాబితాల్లో పైకి రావడానికి ఇదొక కారణం.

ప్రయోగశాలలోనూ మోసపోయే వీలుంది. ఈ ఎంజైము గుంతలో 145వ స్థానంలోని సిస్టీన్‌కు చురుకైన రసాయనం ఏదైనా అంటుకోవచ్చు. కొన్ని అణువులు గుంపుకట్టి ఎంజైమును చుట్టేస్తాయి. అందుకే క్షయకరణ ద్రవ్యం కలిపి ఒకసారి, డిటర్జెంట్ కలిపి మరోసారి పరీక్షించాలి. పసుపులోని కర్‌క్యుమిన్ ఇలా పరీక్షలను తప్పుదారి పట్టించడంలో పేరుమోసింది. పైగా అది త్వరగా విచ్ఛిన్నమవుతుంది, రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. డాకింగ్ మార్కులు చూసి ‘పసుపు కరోనాను అడ్డుకుంటుంది’ అని రాస్తే పాఠకులను తప్పుదారి పట్టించినట్టే.

అలాగని మొక్కలన్నీ ఓడిపోలేదు. చైనా వైద్యంలో వాడే ఒక వేరులోని బైకలీన్ ఈ ఎంజైమును అడ్డుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. గుంతలో అది కూర్చున్న తీరు ఎక్స్‌రే స్ఫటిక చిత్రంలోనూ కనిపించింది. అయినా అది మందు కాలేదు. వడపోత ఫలించిన ఉదాహరణ జపాన్‌లోని షియోనోగి సంస్థ తెచ్చిన ఎన్సిట్రెల్విర్. ఇది మొక్క నుంచి వచ్చినది కాదు. కంప్యూటర్ ఎంచిన అణువులను వెంటనే ఎంజైముపై పరీక్షించి, నిలిచినదాన్ని రసాయన శాస్త్రవేత్తలు సవరిస్తూ పోయారు. రోగులపై పరీక్షల తర్వాత 2022 నవంబరులో జపాన్‌లో అత్యవసర అనుమతి వచ్చింది.

ఫ్లూ మందు ఓసెల్టమివిర్‌లో మొక్క పాత్ర మరో రకం. దాని తయారీకి వాడిన షికిమిక్ ఆమ్లం మన బిర్యానీలో వేసే అనాస పువ్వు జాతి కాయల నుంచి తీసినది. వైరస్ న్యూరమినిడేజ్ ఎంజైమును ఆపేది మాత్రం ఆ ఆమ్లాన్ని ఎన్నో దశల్లో మార్చగా వచ్చిన అణువు.