శబరి దారి కూడా చెప్పింది

పోస్టు కొంచెం పొడుగైంది, టైమున్నప్పుడు చదవండి.

పోయిన ఆదివారం మా హాస్టల్లో ఎనిమిదిమందిమి ఒక్క ఫోన్ ముందు కూర్చుని పాత రామాయణం సీరియల్లో శబరి ఎపిసోడ్ చూశాం. రామానంద్ సాగర్ తీసిన సీరియల్ అది, 1987 జనవరిలో దూరదర్శన్‌లో మొదలైంది. మన వయసోళ్లకి మాత్రం 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ వేసినప్పుడే తెలిసింది. ఎపిసోడ్ అయిపోయాక మొదలైన గొడవ రాత్రి మెస్ బెల్ కొట్టేదాకా ఆగలేదు.

ఒక సీనియర్ అన్న, "రాముడంతటోడు మనామె గుడిసెకి నడిచొచ్చి, ఆమె కొరికిచ్చిన పండు తిన్నాడు. గర్వపడాలి రా" అన్నాడు. నా రూమ్మేట్ ఒప్పుకోలేదు. "ఏం గర్వం అన్నా? వంగిన నడుము, కన్నీళ్లు, ఎదురుచూపులు. మనోళ్లని ఎప్పుడు చూపించినా ఎవరో వచ్చి ఉద్ధరించేదాకా ఎదురుచూసేవాళ్లలాగే చూపిస్తారు" అన్నాడు. ఫస్టియర్ తమ్ముడొకడు, "నాకు ఏడుపొచ్చింది, బాగుంది. ప్రతిదానికీ ఇంత ఆలోచించాలా?" అన్నాడు.

ముగ్గురి మాటలోనూ నిజముంది. కానీ నాకు మా అమ్మమ్మ మాట గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లో మా ఊళ్లో డిష్ ఉన్న ఒక్క ఇంట్లో అందరం ఈ ఎపిసోడే చూశాం. అమ్మమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. బొమ్మ చూసి రెండే అడిగింది. "ఆ ముసలామె ఒక్కతే ఉందేంది, ఊరేది?" అని ఒకటి. "కొరికి చూడకుండా పరాయోళ్లకి అడవి పండు ఎట్లా పెడతారు?" అని ఇంకొకటి.

రెండో ప్రశ్న నాకు అప్పుడు అర్థం కాలేదు. టీవీ చూసినవాళ్లంతా ఆ కొరకడాన్ని భక్తి అనుకున్నారు, కొందరు ఎంగిలి అనుకున్నారు. మా అమ్మమ్మకి అది జాగ్రత్త. ఒకే చెట్టు పళ్లలో ఒకటి తియ్యగా, ఒకటి వగరుగా ఉంటది. కొన్ని దుంపల్ని ముక్కలు కోసి పారే నీళ్లలో నానబెట్టకుండా తింటే ప్రాణం మీదికొస్తది. ఏది తినొచ్చో, ఏది ఎట్లా తినాలో తెలిసినోళ్లు ముందు నోట్లో పెట్టుకుని చూసి అప్పుడు ఇస్తారు. అది చదువే. సర్టిఫికెట్ లేదు, అంతే.

ఎంగిలి సంగతి కూడా చెప్తా. ఇంటర్లో నా బెంచీలో ఒకడు అందరి బాటిల్‌తో నీళ్లు తాగేవాడు, నాది మాత్రం ముట్టేవాడు కాదు. శబరి ఎపిసోడ్ చూసి ఏడ్చానని వాడే చెప్పాడు. వాడు అబద్ధమాడాడని నేననను. టీవీలో ముసలామె మీద జాలి పడటం తేలిక. పక్కన కూర్చున్నోడి బాటిల్ ఎత్తి తాగడమే కష్టం.

ఇంకొకటి. కాలేజీ లైబ్రరీలో తెలుగు వచనంలో ఉన్న వాల్మీకి రామాయణం తీసి చూశా. అందులో శబరి పళ్లు కొరికినట్టు లేనే లేదు. పంపా తీరంలో ఏరి దాచినవి పెట్టింది. తర్వాత రాముణ్ని వెంటబెట్టుకుని మతంగవనమంతా తిప్పి చూపించింది. తులసీదాసు రాసినదాంట్లో అయితే పంపా సరస్సుకి వెళ్లు, అక్కడ సుగ్రీవుడితో స్నేహం కుదురుతుందని చెప్పేది ఆమే. సీరియల్ ఈ రెండు రామాయణాల్నీ ఆధారం చేసుకున్నదే.

అంటే భార్య కోసం అడవంతా వెతుకుతున్న మనిషికి అడవి చూపించింది, ముందుకి దారి చెప్పింది ఒక అడవి మనిషి. ఆ ఎపిసోడ్ చూసిన ఎనిమిదిమందిలో ఆ సంగతి ఒక్కరం కూడా ఎత్తలేదు. పళ్లు గుర్తున్నాయి, కన్నీళ్లు గుర్తున్నాయి. ఆమెకి తెలిసిన దారి మర్చిపోయాం. నా అభిప్రాయం ఇదే: ఆ ఎపిసోడ్ మనల్ని అవమానించలేదు. కానీ ఆమె ప్రేమని చూపించినంతగా ఆమె తెలివిని చూపించలేదు. చూసేవాళ్లం మనమూ వెతకలేదు.

ఇది సీరియల్ ముచ్చటే అయితే ఇంత రాసేవాణ్ని కాదు. మాది శబరి ఏటి ఒడ్డు. ఆ ఏరు కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తది. ముంపు సర్వేకి వచ్చినోళ్లకి ఏ గుట్ట ఎక్కాలో, ఏ వాగు ఎక్కడ దాటాలో చూపించింది మా తాతే. రెండు రోజులు వాళ్ల ముందు నడిచాడు. మధ్యాహ్నం మా ఇంట్లోనే తిన్నారు, బాగుందన్నారు. కాగితాలు తయారయ్యాక ఒక్క మాట అడగలేదు. మనం పెట్టిన అన్నం గుర్తుంటది గానీ మనకి తెలిసింది లెక్కలోకి రాదు.

మా ఇంట్లో కాలేజీకి వచ్చినోణ్ని నేనే మొదటి. బోటనీలో చెట్ల లాటిన్ పేర్లు నేర్చుకుంటున్నా, మంచిదే. కానీ వాటిల్లో సగం చెట్లకి మా కోయ పేర్లు అడిగితే నాకు రావు. ఆ విషయంలో నేనూ ఆ సర్వే వాళ్లలాంటోణ్నే.

అందుకే అన్నలకి, అక్కలకి, తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్లినప్పుడు మీ ఇంట్లో పెద్దోళ్లని పది పళ్లు, పది దుంపల పేర్లు అడగండి. ఏ నెలలో దొరుకుతాయి, ఎట్లా తినాలి, ఏది తినకూడదు, అన్నీ రాసుకోండి. కోయ, సవర, కొండరెడ్డి, ఎవరి మాటలో వాళ్లు ఈ గ్రూపులోనే పెట్టండి. నేను మా అమ్మమ్మతో మొదలుపెడతా.

ఆమె మొదటి ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ ముసలామె ఊరేది? ఆమె వాళ్లంతా ఎటు పోయారు?

జై ఆదివాసీ.