బూరె కోసం ఏడ్చిన పిల్ల

పోయినేడు వరలక్ష్మీ వ్రతం నాడు తొమ్మిది ముళ్ళ తోరాలు కట్టి, పులిహోర, పరమాన్నం, పూర్ణం బూరెలు చేసేసరికి పదకొండు దాటింది. మా మూడేళ్ళ పాప కొంగు పట్టుకుని "అమ్మా, ఒక్క బూరె" అంది. "ఎంగిలవుతుంది, ఆగు" అని కసిరాను. కథ చదివి అక్షింతలు వేసుకునేసరికి పిల్ల పీట పక్కనే ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది. ఆకలితోనే.

సాయంత్రం పేరంటాళ్ళకి శనగలు, తాంబూలం ఇస్తున్నానే గానీ మనసు మనసులో లేదు. మీరేమంటారో గానీ, ఉపవాసం పెద్దవాళ్ళ ఇష్టం, పసిపిల్లని పస్తుంచడం మాత్రం భక్తి కాదు. ఈసారి అమ్మవారి వాటా ముందే తీసి మూతపెట్టి, వెంటనే దానికి పెట్టేస్తాను. అత్తయ్యగారికి భయపడుతూనే చెప్పాను.

"నెయ్యి కాస్త ఎక్కువ వెయ్యి" అన్నారావిడ.