నీతి లేని కథలు కావాలి

తెలుగులో పిల్లల కథల పుస్తకం ఏదైనా తీసి కథ చివర చూడండి. చాలావాటిలో కింద ఒక గడి గీసి, లావుపాటి అక్షరాలతో ‘నీతి’ అని వేసి ఉంటుంది. కాకి నోటి ముక్కను నక్క కాజేస్తే ఒక నీతి, కుందేలు కునుకు తీస్తే ఒక నీతి, ఎలుక వల కొరికితే ఇంకో నీతి. చదివి వినిపించిన పెద్దవాళ్లు కూడా అక్కడితో ఊరుకోరు. ‘అయితే ఈ కథవల్ల మనకేం తెలిసింది నాన్నా?’ అని ఒక ప్రశ్న వేస్తారు. అప్పటిదాకా నోరు తెరుచుకుని వింటున్న పిల్లవాడు బడిలో లేచి నిలబడ్డట్టు బిగుసుకుపోతాడు. నీతికథలతో నాకు పేచీ ఏమీ లేదు, వాటి పని వాటికుంది. పేచీ అల్లా ఒక్కటే: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పైకి చదివి వినిపించేటప్పుడు తిక్క పుస్తకానికి మనం పీట వేయం. ఏనుగు బల్లిలా గోడ పాకే పుస్తకం, రాజుగారి మీసాలు అలిగి ఊరొదిలి పోయే పుస్తకం మన దృష్టిలో ఉత్త కాలక్షేపం. అన్నం తినిపించడానికో, ఏడుపు మాన్పించడానికో పనికొస్తాయి తప్ప చదువు లెక్కలోకి రావు. పిల్లలకు చదువు అబ్బడానికి కావలసిన సరుకు వాటిలోనే ఎక్కువుందని నా వాదన.

ఈ సంగతిని బాగా పట్టుకున్నవాడు రష్యన్ పిల్లల కవి కోర్నీ చుకోవ్‌స్కీ. ‘రెండు నుంచి ఐదు దాకా’ అనే పుస్తకంలో ఆయన తన కూతురి ముచ్చట ఒకటి చెబుతాడు. ఇంకా రెండేళ్లు నిండని ఆ పిల్ల ఒకరోజు కొంటెగా చూస్తూ తండ్రి దగ్గరికొచ్చి, కుక్క మ్యావ్ అంటుందని ప్రకటించింది. కుక్క ఏమంటుందో తెలియక కాదు. బాగా తెలుసు గనకే, తెలిసినదాన్ని తలకిందులు చేసి చూసింది. తండ్రీ ఆటలోకి దిగాడు. ఎంత పొసగని అరుపు తగిలిస్తే అంత నవ్వు. సరైనది మనసులో గట్టిగా కుదురుకున్న పిల్లలకే తలకిందుల మాట నవ్వు తెప్పిస్తుందని, ఆ నవ్వుతో తమకు తెలిసినదాన్ని వాళ్లు మరోసారి సరిచూసుకుంటారని చుకోవ్‌స్కీ తేల్చాడు. ఆయన మాట అందరికీ రుచించలేదు. సిగరెట్ కాలుస్తూ వీధుల్లో షికార్లు చేసే మొసలి మీద ఆయన రాసిన గేయకథను లెనిన్ భార్య క్రూప్‌స్కయా 1928లో ప్రావ్దా పత్రికలో దుమ్మెత్తిపోసింది. మొసలి ఎలా బతుకుతుందో చెప్పాల్సింది పోయి పిల్లలకు చెత్త వినిపిస్తున్నాడన్నది ఆమె అభ్యంతరం.

ఆ అభ్యంతరం మన ఇళ్లలో ఇప్పటికీ వినిపిస్తుంది. ‘ఇలాంటివి చదివితే పిల్లలు తప్పులు నేర్చుకోరూ?’ అంటారు. దీనికి జవాబు పిల్లల మొహంలోనే ఉంది. ఏనుగు గోడ పాకిందని చదివినప్పుడు నాలుగేళ్ల పిల్ల నిజంగా నమ్మితే తెల్లబోవాలి, లేదా గోడవైపు భయంగా చూడాలి. ఆ పిల్ల అలా చేయదు. ‘కాదు నాన్నా, ఏనుగు పాకదు, పడిపోద్ది!’ అని పుస్తకం మీద చెయ్యేసి ఆపేస్తుంది, ఆపి పగలబడి నవ్వుతుంది. ఏనుగు బరువు, బల్లి కాలి పట్టు, గోడ నిలువు అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. అంతకంటే పెద్ద పరీక్ష ఏం పెడతాం? పైగా రోజంతా పెద్దవాళ్లతో తప్పులు దిద్దించుకునే పిల్లకు ఇక్కడ తానే పెద్దవాళ్ల తప్పు దిద్దే అవకాశం దొరికింది. నవ్వు నేర్చుకోవడానికి అడ్డమా అంటే, అదీ కాదంటున్నారు. ఫ్రాన్స్‌లో ఏడాదిన్నర పిల్లల మీద ఒక ప్రయోగం జరిగింది. చేతికందని బొమ్మను మరో వస్తువుతో ఎలా లాక్కోవాలో కొందరికి మామూలుగా, కొందరికి కోతిచేష్టలు కలిపి చూపించారు. ఆ చేష్టకు నవ్విన పిల్లలు ఆ పని బాగా పట్టుకున్నారు. నవ్వే పిల్లలు స్వతహాగానే చురుకైనవాళ్లేమోనన్న అనుమానానికి చోటుంది కాబట్టి ఈ ఒక్క ప్రయోగం మీద నేను మేడ కట్టను. నవ్వు చదువుకు శత్రువు కాదని చెప్పడానికి మాత్రం అది చాలు.

అసలు బలమైన సాక్ష్యం మన నాలుక మీదే ఉంది. తెలుగు పిల్లలందరికీ ఎవరూ నేర్పకుండానే వచ్చే ఆట ఒకటుంది: పులి గిలి, పలక గిలక, చొక్కా గిక్కా. మాటలో మొదటి అక్షరం తీసేసి ‘గి’ పెడితే చాలు, అర్థం లేని జంట పుట్టుకొస్తుంది. అయితే పాము వచ్చేసరికి అది గిము కాదు, గీము. కోతి గీతి, బూరె గీరె, కాఫీ గీఫీ. మాట పొట్టి అచ్చుతో మొదలైతే గి, పొడుగు అచ్చుతో మొదలైతే గీ. హ్రస్వం, దీర్ఘం అన్న పేర్లు వినని మూడేళ్ల పిల్లవాడు ఈ సూత్రం తప్పడు. (గిన్నె దగ్గర మాత్రం ఎంతటివాడైనా ఆగిపోవాల్సిందే. గిన్నె గిన్నె అంటే రెండు గిన్నెలవుతాయి గానీ తిక్క పుట్టదు.) మాటను లోపల విడదీసి, ఒక ముక్క మార్చి, మళ్లీ అతికించే ఈ పనే చదవడానికి పునాది. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రాడ్లీ, బ్రయంట్ అనే ఇద్దరు పరిశోధకులు నాలుగైదేళ్ల పిల్లలు దాదాపు 400 మందికి మాటలు వినిపించి, వాటిలో ప్రాస కలవనిదాన్ని పట్టుకోమన్నారు. కొన్నేళ్లు వాళ్ల చదువును గమనించి 1983లో ఫలితాలు అచ్చువేశారు. ప్రాస చెవికి ఆనినవాళ్లు తర్వాత చదవడంలోనూ ముందున్నారు. అది ఇంగ్లీషు సంగతి, నిజమే. తెలుగుకు అక్కచెల్లెలి లిపి కన్నడ. ఆ లిపి నేర్చే పిల్లల మీద సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, గుణింతాలు, ఒత్తుల మీద పట్టు చిక్కడానికి పిల్లలకు ఏళ్లు పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలు 26తో అయిపోతాయి, మనకు ఒక్క ‘క’కే గుణింతం ఉంది, ఆపైన ఒత్తులున్నాయి. కన్ను ఈ కొండ ఎక్కుతున్న ఆ నాలుగేళ్లూ చెవిని పస్తు ఉంచితే, అక్షరాలన్నీ వచ్చేనాటికి చదవాలన్న ఆకలే చచ్చిపోతుంది. పిల్లల చదువు తీరును లెక్కగట్టే అసర్ నివేదిక (2024) ప్రకారం దేశంలో పల్లెల పిల్లలు ఐదో తరగతికొచ్చినా దాదాపు సగం మంది రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు. దీనికి కారణాలు చాలా ఉన్నాయి, తిక్క పుస్తకాలు వాటన్నిటికీ మందని ఎవరూ అనరు. కానీ చదవడమంటే ఒక సుఖమని ఎన్నడూ రుచి చూడని పిల్ల, గుణింతాల కష్టం ఎందుకు పడుతుంది?

అర్థం లేనిదాన్ని అలా వదిలేయడం పెద్దలకు చేతకాదు. కాళ్లాగజ్జా పాట చూడండి. కాళ్లు చాపి కూర్చున్న పిల్లలకు ఆ చప్పుడు, ఆ లెక్క, చివర కాలు మడవడం చాలు. మనవాళ్లు మాత్రం అందులో గజ్జికి ఆయుర్వేద వైద్యం కనిపెట్టారు. ఏడు చేపల కథ ఇంకా నయం. ఎండని చేప గడ్డిమేటు మీద, గడ్డిమేటు ఆవు మీద, అలా నింద చేతులు మారుతూ మారుతూ చీమ పుట్ట దాకా వెళ్లే ఆ గొలుసులో పిల్లలకు నచ్చేది గొలుసే. తర్వాత ఎవరొస్తారో తెలిసి ముందే అరవడం. దానికీ వేదాంతం కట్టి, ఏడు చేపలంటే సప్తవ్యసనాలని తేల్చారు. గజ్జి ఉంటే గింటే అది అర్థం వెతికే పెద్దలకే ఉంది. ఆ వ్యాఖ్యానాలు పెద్దవాళ్ల అరుగు మీద ముచ్చటగానే ఉంటాయి. కానీ ఆ పాట, ఆ కథ తరాలు దాటి వచ్చింది మందువల్లా కాదు, వేదాంతంవల్లా కాదు, పలకడానికి బాగుండడంవల్ల.

‘తిక్కగా రాయడం ఎంతసేపు, ఎవడైనా రాస్తాడు’ అనేది ఇంకో మాట. ఇది శుద్ధ తప్పు. అమెరికాలో బడి వాచకాలు చప్పగా ఉన్నాయని జాన్ హెర్సీ 1954లో లైఫ్ పత్రికలో రాశాక, పిల్లలకు వచ్చిన మాటలతోనే ఒక పుస్తకం రాయమని పిల్లల రచయిత డాక్టర్ స్యూస్‌ను అడిగారు. చేతికిచ్చిన మాటల పట్టికలోంచి టోపీ పెట్టుకున్న పిల్లి పుస్తకం తీయడానికి ఆయన నానా తంటాలు పడ్డాడు. 1957లో వచ్చిన ఆ పుస్తకంలో ఉన్నవి 236 మాటలే. తర్వాత ప్రచురణకర్తతో పందెం కాసి 50 మాటలతో ఇంకొకటి రాశాడు. నీతికి ఏ భాషైనా ఒకటే, ఈసపు గ్రీకులో చెప్పింది తెలుగులో చెప్పినా నక్క నక్కే, ద్రాక్ష ద్రాక్షే. తిక్కకు అలా కుదరదు. ప్రాస పోతే ప్రాణం పోతుంది, కాబట్టి ఏ భాషకు ఆ భాషలోనే వండుకోవాలి. బెంగాలీలకు సుకుమార్ రాయ్ ఉన్నాడు, 1923లో వచ్చిన ఆయన ‘ఆబోల్ తాబోల్’ వందేళ్లు దాటినా ఇళ్లలో నలుగుతోంది. మనకు చేవ లేక కాదు. శ్రీశ్రీ ‘సిప్రాలి’లో ‘లి’ అంటే లిమరిక్కులనే తిక్క పద్యాలే, అది పెద్దల పుస్తకమైపోయింది. ముళ్లపూడి వెంకటరమణ ‘బుడుగు’ను ముద్దుగా చదువుకున్నవాళ్లలోనూ బుడుగుల కంటే వాళ్ల అమ్మానాన్నలే ఎక్కువ. గలగల, జరజర, బుడుంగు, దబ్బున, టపటప అని ప్రతి చప్పుడుకూ మాట ఉన్న భాషలో నాలుగేళ్లవాళ్ల కోసం కూర్చుని రాసిన తిక్క పుస్తకాలు ఒక అర నిండవు.

తిక్క పేరుతో ఏదిపడితే అది చదవమని కూడా నేననను. మన హాస్యానికి ఒక చెడ్డ అలవాటుంది: నత్తివాణ్ని, లావుగా ఉన్నవాణ్ని, చెవుడు ఉన్నవాణ్ని చూపించి నవ్వించడం. పిల్లల పుస్తకాల్లోకీ అది జొరబడింది. లోకం తలకిందులైతే వచ్చే నవ్వు వేరు, ఒక మనిషి లోపం చూసి వచ్చే నవ్వు వేరు. రెండోది తిక్క కాదు, మోటుతనం. పరమానందయ్య శిష్యులు, లెక్కపెట్టేవాడు తనను కలుపుకోవడం మరిచి ఒకడు తప్పిపోయాడని ఏడిస్తే అది మొదటి రకం నవ్వు. అప్పుడే లెక్కలు నేర్చుకున్న పిల్లలకు ఆ కథ వింటుంటే కలిగే గర్వం ఇంతా అంతా కాదు.

ఇక ఫోన్. ‘ఇవన్నీ యూట్యూబులో ఉన్నాయి, రంగురంగుల్లో, పాటలతో సహా. మనం గొంతు చించుకోవడం దేనికి?’ ఈ ప్రశ్న ఒళ్లు అలిసిపోయిన తల్లిదండ్రులది, తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. రెండేళ్లు నిండని పిల్లలకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకు రోజుకు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కూర్చున్న వేళ పెద్దవాళ్లు కథ చదివి వినిపిస్తే మేలని కూడా అదే కాగితంలో ఉంది. ఆ సూచన లేకున్నా తేడా కంటికి కనిపిస్తుంది. ఫోన్లో ఏనుగు గోడ పాకితే పిల్ల చూస్తుంది. ‘కాదు’ అని అరిచినా బొమ్మ ఆగదు. నాన్న చదువుతుంటే ఆగుతాడు, కనుబొమ్మలెత్తుతాడు, ‘పాకదా? అయితే ఎగురుద్దేమో’ అంటాడు. అక్కడి నుంచి కథ పుస్తకంలో లేదు, ఇద్దరి మధ్య ఉంది. ఆఫీసులో గంభీరంగా ఉండే మనిషి కప్పలా బెకబెకమనడానికి సిగ్గుపడకపోతేనే ఇది సాగుతుంది. నా ఉద్దేశంలో మన ఇళ్లలో తిక్క పుస్తకాలు లేకపోవడానికి ఖరీదు కంటే ఈ సిగ్గే పెద్ద కారణం. ఖరీదు విషయానికొస్తే, ‘మంచి పుస్తకం’, నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి సంస్థలు తక్కువ ధరకే పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. మనం కట్టే ఆస్తి పన్ను మీద గ్రంథాలయ సెస్సు ఉంది. ఆ డబ్బుతో కొనే పుస్తకాల్లో పోటీ పరీక్షల గైడ్ల పక్కన ఒక వరుస తిక్క పుస్తకాలు చేర్చడం, అంగన్‌వాడీకి పదేసి చొప్పున పంపడం గ్రంథాలయ సంస్థలకు తలకు మించిన భారం కాదు. అమ్మమ్మకు చదువు రాకపోయినా ఫరవాలేదు, బొమ్మ చూసి ఆవిడ అల్లే కథ పుస్తకంలో ఉన్నదానికంటే తిక్కగా ఉండడానికే అవకాశం ఎక్కువ.

చివరికి మిగిలే ఫిర్యాదు ఒకటే: పిల్లలు చదివిందే చదవమంటారు. నిన్నటి పుస్తకమే ఇవాళా, ఇవాళ్టిదే రేపూ. పెద్దవాళ్లకు విసుగే. కానీ ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో చూపినదాని ప్రకారం, మూడేళ్ల పిల్లలకు వేర్వేరు కథల్లో కొత్త మాట వినిపించడం కంటే ఒకే కథను మళ్లీమళ్లీ చదివితేనే ఆ మాట బాగా గుర్తుంటోంది. అప్పటికీ ఓపిక లేకపోతే పదిహేడోసారి చదివేటప్పుడు నడుమ ఒక పేజీ చప్పుడు కాకుండా తిప్పేసి చూడండి. ఇంకా ‘అ’కూ ‘ఆ’కూ తేడా రాయడం రాని ఆ పిల్ల లేచి కూర్చుని, పేజీ వెనక్కి తిప్పి, మీరు ఎగ్గొట్టిన వాక్యం కింద వేలు పెట్టి, రాజుగారి మీసాలు ఇంకా బస్సెక్కలేదని చెబుతుంది.